సడ్బరీ కొండలు, నొరిల్స్క్ అడవి: గంధకం లెక్క ఎవరు రాస్తారు?

ఒక పక్క 1970ల నాటి నల్లటి బోడి గుట్టలు, ఇంకో పక్క ఇప్పటి పైన్ చెట్ల పచ్చదనం. కెనడాలోని సడ్బరీ మాటెత్తితే చాలు, ఈ జంట ఫొటోలు బయటికి వస్తాయి. కింద రాసే కథా ఒకటే. నికెల్ కొలుముల పొగకి ఊరు ఎడారైపోయింది, ఆకాశమంత పొగగొట్టం కట్టారు, కోటి మొక్కలు నాటారు, మళ్లీ పచ్చబడింది. ఇందులో అబద్ధం ఏమీ లేదు. ఏది దేనివల్ల జరిగిందన్న వరస మాత్రం తలకిందులైంది. పొగగొట్టం చెట్లను తెచ్చిపెట్టలేదు. మొక్కలు నాటినంత మాత్రాన అవి బతకనూ లేదు.

కొలిమి నుంచి రెండు రకాల విషం వస్తుంది. ఒకటి సల్ఫర్ డయాక్సైడ్ వాయువు. రెండోది నికెల్, రాగి కలిసిన సన్నటి ధూళి. వాయువు వందల కిలోమీటర్లు పోతుంది, కొలిమి ఆపిన వారానికే గాల్లో జాడ ఉండదు. ధూళిలో బరువైన భాగం ఇరవై ముప్పై కిలోమీటర్ల లోపే రాలిపోతుంది, రాలిన చోట నుంచి తరాలు గడిచినా కదలదు. ఒకదానికి పనికొచ్చే వైద్యం రెండోదానికి పనికిరాదు. పొగగొట్టం ఎత్తు పెంచడమైతే రెండింటిలో దేనికీ వైద్యం కాదని నా వాదన.

ముందు గంధకం లెక్క చూద్దాం. సడ్బరీలో గానీ, రష్యా ఆర్కిటిక్‌లో ఉన్న నొరిల్స్క్‌లో గానీ నికెల్ ఉండేది సల్ఫైడ్ ఖనిజంలో. పెంట్‌లండైట్‌లో నికెల్, చాల్కోపైరైట్‌లో రాగి, వాటితో పాటు పెద్దగా విలువలేని పిరోటైట్. మూడింటిలోనూ బరువు ప్రకారం మూడో వంతు, ఆ పైన గంధకమే. రాయి వేరుచేసి కొలిమికి పంపే కాన్సంట్రేట్‌లో నికెల్, రాగి రెండూ కలిపినా గంధకమంత తూగవు. పేరుకి నికెల్ ఫ్యాక్టరీ గానీ, టన్నుల్లో చూస్తే అది గంధకం ఫ్యాక్టరీ. టన్ను గంధకం కాలితే రెండు టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. దాన్ని పట్టి ఆమ్లంగా మారిస్తే మూడు టన్నుల సల్ఫ్యూరిక్ ఆసిడ్. ఖనిజంతో లోపలికి వచ్చిన గంధకం స్లాగ్ అనే కొలిమి చిట్టెంలోకో, టెయిలింగ్స్ అనే మిల్లు వ్యర్థాల చెరువులోకో, ఆసిడ్ ట్యాంకులోకో, గాల్లోకో పోవాలి. ఐదో దారి లేదు. ఏ స్మెల్టర్ (లోహం కరిగించే కర్మాగారం) పర్యావరణ నివేదిక చేతికొచ్చినా ముందు ఈ నాలుగు అంకెలు కలిపి చూడాలి. వచ్చిన గంధకానికి సరిపోకపోతే మిగిలింది ఎక్కడికి పోయిందో అడగాలి.

సడ్బరీలో ఖనిజం 1883లో బయటపడింది, కెనడియన్ పసిఫిక్ రైలు మార్గం వేస్తుండగా. 1888 నుంచి దాదాపు నలభై ఏళ్లు అక్కడ ఖనిజాన్ని ఆరుబయటే కాల్చారు. చుట్టూ ఉన్న అడవి కొట్టి, దుంగలను పరుపులా పేర్చి, దానిమీద వేల టన్నుల ఖనిజం కుప్పపోసి నిప్పు పెట్టేవారు. కట్టె మంట కొన్నాళ్లకే ఆరిపోయినా గంధకం తన వేడితో తానే రగులుతూ నెలల తరబడి కాలేది. వాయువంతా నేలబారున పాకేది. ఓడనెల్ అనే చోట కాల్చే మైదానం 1916 నుంచి 1929 దాకా ఇలాగే నడిచింది. అడవి కట్టెలకి పోయింది, మిగిలింది పొగకి పోయింది, ఎండిన మోళ్లు కార్చిచ్చుకి పోయాయి, ఆ తర్వాత పైమట్టి వానకి కొట్టుకుపోయింది. ఇరవై వేల హెక్టార్లు, అంటే యాభై వేల ఎకరాలు, పూర్తి బోడి నేలగా మిగిలాయి. దాని చుట్టూ ఇంకో ఎనభై వేల హెక్టార్లలో గిడసబారిన బర్చ్ పొదలు తప్ప ఏమీ లేవు. దాదాపు 7,000 సరస్సులు ఆమ్లంతో దెబ్బతిన్నాయి. 1960లలో సడ్బరీ కొలుములన్నీ కలిసి ఏడాదికి 25 లక్షల టన్నుల దాకా సల్ఫర్ డయాక్సైడ్ వదిలాయి.

(చంద్రుడిలా ఉందని అపోలో వ్యోమగాములను అక్కడికి తీసుకొచ్చి శిక్షణ ఇచ్చారని ఇప్పటికీ రాస్తుంటారు. వాళ్లు వచ్చిన మాట నిజమే, 1971లోనూ 1972లోనూ. వచ్చింది బోడి గుట్టలు చూడటానికి కాదు. సడ్బరీ పురాతన ఉల్కాపాతపు గుంత, ఆ దెబ్బకి రాళ్లలో ఏర్పడిన శంఖాకారపు పగుళ్లు అక్కడ కనిపిస్తాయి. చంద్రుడి మీద రాళ్లను గుర్తుపట్టడం నేర్చుకోవాలంటే అలాంటి చోటే కావాలి.)

ఇక ఆ పొగగొట్టం. సడ్బరీలో నికెల్ తీసే ఇన్కో (Inco) అనే కంపెనీ కట్టిన సూపర్‌స్టాక్ ఎత్తు 381 మీటర్లు. 1972లో పనిలోకి వచ్చినప్పుడు ప్రపంచంలో అంత ఎత్తు పొగగొట్టం ఇంకోటి లేదు. దాని వెనకున్న సూత్రం తేలికే. ఎత్తు రెట్టింపు చేస్తే నేల మీద వాయువు గరిష్ఠ సాంద్రత దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. ఊళ్లో కళ్లమంట తగ్గింది, ఇళ్ల ముందు తోటలు తేరుకున్నాయి. కానీ ఆ సూత్రంలో ఉన్నది సాంద్రత మాత్రమే. మొత్తం టన్నుల సంగతి అందులో రాదు. పైకి పోయిన వాయువు ఎండలో గంటకి ఒకటి రెండు శాతం చొప్పున సల్ఫేట్‌గా మారుతూ, మబ్బుల్లో కరిగి, ఎక్కడో వానగానో మంచుగానో దిగుతుంది.

దూరం వెళ్తే ఏమవుతుందో అప్పటికి తెలియక కాదు. బ్రిటిష్ కొలంబియాలో ట్రెయిల్ అనే ఊరి సీసం, జింక్ స్మెల్టర్ 1920లలో తన పొగగొట్టాలను 409 అడుగులకి పెంచింది. పొగ లోయ వెంబడి సరిహద్దు దాటి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం రైతుల పొలాల మీదికి పోయింది. ఆ తగాదా అంతర్జాతీయ ట్రైబ్యునల్ దాకా వెళ్లి 1938లోనూ 1941లోనూ తీర్పులు వచ్చాయి. ఒక దేశపు పొగ ఇంకో దేశానికి హాని చేయకూడదన్న న్యాయసూత్రానికి ఈనాటికీ ఆ కేసే మూలం. ట్రెయిల్‌ను దారికి తెచ్చింది మాత్రం పొగగొట్టం ఎత్తు కాదు. గంధకాన్ని పట్టి ఎరువు చేసి అమ్మడం మొదలుపెట్టాకే పొగ తగ్గింది.

సడ్బరీ దగ్గర కూడా అంతే. కిల్లార్నీ ప్రాంతపు లా క్లోష్ కొండల సరస్సుల్లో చేపలు మాయమవుతున్నాయని టొరొంటో విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ బీమిష్, హెరాల్డ్ హార్వీ 1972లోనే ప్రచురించారు. సూపర్‌స్టాక్ పొగ వదలడం మొదలుపెట్టిన ఏడాది కూడా అదే. అసలైన మార్పు 1985లో ఒంటారియో ప్రభుత్వం టన్నుల మీదే పరిమితి పెట్టాక వచ్చింది. 1994 నాటికి ఇన్కో కొలిమి నుంచి ఏడాదికి 2,65,000 టన్నులకి మించకూడదని ఉత్తర్వు. కంపెనీ ఆ గడువులోగానే దాన్ని అందుకుంది. ఇన్కోను 2006లో కొన్న బ్రెజిల్ కంపెనీ వాలే మరో వంద కోట్ల డాలర్ల పైన పెట్టి మిగిలిన దాంట్లోనూ 85 శాతం తగ్గించింది. ఆ పని 2018లో పూర్తయ్యాక పైకి పంపాల్సినంత వేడివాయువే మిగల్లేదు. 2020లో సూపర్‌స్టాక్‌ను ఆపేసి 137 మీటర్ల పొగగొట్టాలు రెండింటికి మారారు. గంధకం పట్టుబడ్డాక ఆ ఎత్తు పొగగొట్టం వాళ్లకే దండగైంది.

గంధకాన్ని పట్టడం చెప్పినంత సులువు కాదు, అందుకే కంపెనీలు యాభై ఏళ్లు ఎత్తునే నమ్ముకున్నాయి. ఆసిడ్ ప్లాంటుకి వాయువు చిక్కగా, నిలకడగా రావాలి. సల్ఫర్ డయాక్సైడ్ ఐదారు శాతం కంటే పలచబడితే వెనేడియం ఉత్ప్రేరకపు పొరల దగ్గర జరిగే చర్య తన వేడిని తాను నిలుపుకోలేదు, బయట నుంచి ఇంధనం కాల్చి వేడి చేయాలి. పాతకాలపు రెవర్బరేటరీ కొలిమి వదిలేది ఒకటి రెండు శాతం వాయువే. దాన్ని ఆసిడ్ చేయడం ఖర్చుకి తగిన పని కాదు. గాలికి బదులు ఆక్సిజన్ ఊదే ఫ్లాష్ కొలిమి వస్తే వాయువు ఎంత చిక్కగా ఉంటుందంటే దాన్ని నేరుగా ద్రవంగా మార్చి అమ్ముకోవచ్చు. ఇన్కో కంపెనీ 1952లోనే ఒక ఫ్లాష్ కొలిమితో ఆ పని చేసింది. చేతిలో ఉన్న పద్ధతిని ప్లాంటు అంతటికీ పాకించడానికి మరో నలభై ఏళ్లు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు కావాల్సి వచ్చాయి.

కొలిమి తర్వాత వచ్చే కన్వర్టర్ ఇంకో తలనొప్పి. కరిగిన మాట్ (లోహం, గంధకం కలిసిన ముద్ద) పోయడానికి, స్లాగ్ ఒంపడానికి దాన్ని మాటిమాటికీ వంచాలి. వంచినప్పుడల్లా మూతి, పొగ పట్టే హుడ్ కింద నుంచి పక్కకి జరుగుతుంది, వాయువు షెడ్డులోకి, అక్కడి నుంచి పైకప్పు సందుల్లోంచి బయటికి పోతుంది. పొగగొట్టం దగ్గర పెట్టిన మీటరు దీన్ని చూడదు. ఊరికి దగ్గరగా, తక్కువ ఎత్తులో బయటపడేది ఇదే. ఇంకో దారి కొలిమికి ముందే పిరోటైట్‌ను మిల్లులో వేరు చేసి పారేయడం. సడ్బరీలో గాల్లోకి పోయే గంధకం తగ్గడానికి ఇది బాగా తోడ్పడింది. ఆ పారేసిన పిరోటైట్ టెయిలింగ్స్‌లో చేరి, గాలి తగిలితే మెల్లగా ఆమ్లం కారుస్తుంది కాబట్టి నీటి కింద ముంచి ఉంచాలి. నేను మొదట చెప్పిన నాలుగు అంకెల్లో ఒకటి తగ్గితే ఇంకోటి పెరగడమంటే ఇదే.

ఉత్తరాదిలోనే ఇంత విధ్వంసం ఎందుకు? మొదటి కారణం రాయి. సడ్బరీ ఉన్న కెనడా షీల్డ్ అనే పురాతన రాతి ప్రాంతం అయినా, రష్యా వాయవ్య కొసన నికెల్ కొలుములున్న కోలా ద్వీపకల్పం అయినా కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు, నైస్. మంచుయుగపు హిమానీనదాలు పాత మట్టిని గీకేసి పోయాయి. సున్నం లేని పలచటి మట్టి ఆమ్లాన్ని విరవలేదు. రెండోది మంచు. శీతాకాలమంతా దిగిన సల్ఫేట్ మంచులో నిల్వ ఉంటుంది. కరగడం మొదలైనప్పుడు ఆ లవణాలు మంచు గింజల పైపొర నుంచి ముందుగా జారిపోతాయి. మొదటి మూడో వంతు నీటిలోనే సగానికి పైగా కాలుష్యం కొట్టుకొస్తుంది. చేపపిల్లలు గుడ్ల నుంచి బయటికి వచ్చేది కూడా సరిగ్గా ఆ వారాల్లోనే. నీటి పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 5.5 కంటే దిగితే లేక్ ట్రౌట్‌కి సంతానం నిలవడం కష్టం. 5 కంటే దిగితే మట్టిలోంచి కరిగి వచ్చిన అల్యూమినియం మొప్పలకి అంటుకుని పెద్ద చేపలకే ఊపిరాడదు. ఏడాది పొడుగునా నెలకోసారి నీళ్లు పరీక్షించి సగటు బాగుందని రాసుకునే వాళ్లకి ఈ రెండు వారాలు కనబడవు.

మూడోది ఆకు. స్ప్రూస్ చెట్టు తన సూది ఆకులను ఏటా రాల్చదు. కోలాలో శుభ్రమైన చోట ఒక సూది పదేళ్ల పైన కొమ్మ మీదే ఉంటుంది, అన్నేళ్ల విషమూ దాంట్లో చేరుతుంది. దీన్ని కొలవడానికి పరికరం అక్కర్లేదు. కొమ్మ చివర నుంచి వెనక్కి చూస్తే ఒక్కో ఏడాది పెరుగుదల ఒక్కో కణుపు. ఎన్ని కణుపుల దాకా సూదులు ఉన్నాయో లెక్కపెట్టాలి. కొలిమి వైపు నడిచేకొద్దీ ఆ లెక్క తగ్గుతూ, దగ్గర్లో రెండు మూడేళ్ల సూదులే మిగులుతాయి. అంతకంటే ముందే లైకెన్లు (నేల మీద, రాళ్ల మీద, చెట్ల మీద పెరిగే నాచులాంటి జీవులు) పోతాయి. వాటికి వేరు లేదు, ఆకు మీద మైనపు పొర లేదు, తినేది తాగేది అంతా గాలి నుంచే. రెయిన్‌డీర్ శీతాకాలపు మేత అవే. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పెరిగే లైకెన్ పరుపు ఒకసారి పోతే మంద ఆ మైదానానికి తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది.

ఇప్పుడు లోహం సంగతి. సడ్బరీలోనే కొనిస్టన్ అనే చోట కొలిమి 1972లో మూతపడింది. వాయువు ఆగింది. అయినా చుట్టూ ఉన్న గుట్టలు అలాగే బోడిగా ఉండిపోయాయి. విత్తనం పడుతుంది, మొలకెత్తుతుంది, వేరు కొన్ని మిల్లీమీటర్లు దిగి ఆగిపోతుంది. పుల్లటి మట్టిలో రాగి, నికెల్ కరిగిన రూపంలో ఉండి వేరు కొసను కాల్చేస్తాయి. పొట్టి వేరుతో నిలబడ్డ మొలకను శీతాకాలంలో నేలలో లేచే మంచు సూదులు పైకి నెట్టేస్తాయి. పైన గడ్డి, ఆకుచెత్త లేవు కాబట్టి నేల తేలిగ్గా గడ్డకడుతుంది, తేలిగ్గా కొట్టుకుపోతుంది. మొక్కలు నాటితే సరిపోతుందనుకున్న తొలి ప్రయత్నాలు ఇందుకే చచ్చిపోయాయి.

1978లో మొదలైన పద్ధతి వేరు. లారెన్షియన్ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రవేత్త కీత్ వింటర్‌హాల్డర్ పరిశోధన దానికి పునాది. ముందు డోలొమైట్ సున్నపురాయి పొడి, హెక్టారుకి 10 టన్నులు. డోలొమైటే ఎందుకంటే కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా అందుతుంది. రాతి గుట్టల మీదికి ట్రాక్టరు ఎక్కదు, అందుకే సంచులు మోసుకెళ్లి చేత్తోనే చల్లారు. ఆ ఏడాదే గనుల్లో ఉద్యోగాల కోతలు పడటంతో, వేసవి సెలవుల్లో పనికోసం చూసే విద్యార్థులే ఈ పనికి కూలీలు. తర్వాత 6-24-24 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) హెక్టారుకి 400 కిలోలు. నత్రజని కావాలనే తక్కువ. అది ఎక్కువైతే గడ్డి ఏపుగా లేచి, గాలి నుంచి నత్రజని పట్టే క్లోవర్, ట్రెఫాయిల్ జాతులను తొక్కేస్తుంది. వేసవి చివర్లో గడ్డి, పప్పుజాతి విత్తనాల మిశ్రమం. అది నిలదొక్కుకున్నాక జాక్ పైన్, రెడ్ పైన్, వైట్ పైన్, వైట్ స్ప్రూస్ మొక్కలు.

సున్నం చేసే పని ఒక్కటే, కానీ అసలు పని అదే. పీహెచ్ పెరిగితే లోహం కరిగిన రూపం వదిలి మట్టికి అంటుకుంటుంది. అంటే విషం పోలేదు, కట్టుబడింది. సున్నం మాత్రమే వేసి వదిలేసిన చోట్ల కూడా బర్చ్, విల్లో వాటంతట అవే మొలిచాయని వింటర్‌హాల్డర్ చూపించాడు. కోటి మొక్కల లెక్క ఫొటోలకి బాగుంటుంది గానీ, ఆ కొండల చరిత్రలో నేను గుర్తుపెట్టుకునే అంకె ఆ 10 టన్నులే. కట్టుబడింది మళ్లీ విడివడకూడదంటే పైనుంచి ఆమ్లం పడటం ఆగాలి. 1985 పరిమితి లేకుండా ఈ సున్నం ఏటేటా కరిగిపోయే ఖర్చే అయ్యేది.

సరస్సులు మాత్రం చాలావరకు సున్నం లేకుండానే కోలుకుంటున్నాయి. క్లియర్‌వాటర్ సరస్సు పీహెచ్ 1970లలో 4.3 దగ్గర ఉండేది, ఇప్పుడు 6 దాటింది. కానీ దారి తిన్నగా లేదు. స్వాన్ లేక్ అనే చిన్న సరస్సు కోలుకుంటూ ఉండగా 1986, 87లలో కరువు వచ్చింది. చుట్టూ ఉన్న బురదనేలల్లో ఏళ్ల తరబడి సల్ఫైడ్‌గా దాగిన గంధకానికి గాలి తగిలింది. మళ్లీ వానలు పడగానే అది ఆమ్లంగా సరస్సులోకి దిగి పీహెచ్‌ను వెనక్కి లాగేసింది. పొగ తగ్గిన తర్వాత పడ్డ దెబ్బ ఇది. సడ్బరీకి ఉత్తరాన వంద కిలోమీటర్ల పైన ఉన్న రెండు సరస్సులకే పరిమితమైన ఆరోరా ట్రౌట్ కథ ఇంకా సన్నని దారం. ఆమ్లానికి ఆ జాతి సరస్సుల్లో పూర్తిగా పోయింది. అంతకు ముందే, 1950లలో, హేచరీకి తరలించిన తొమ్మిది చేపల సంతానమే ఇవాళ ఉన్నవన్నీ. వర్లిగిగ్ సరస్సుకి సున్నం వేశాకే వాటిని 1990లో తిరిగి వదలగలిగారు.

నొరిల్స్క్‌లో ఈ కథకి మంచి సగం లేదు. 69 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, 1935లో గులాగ్ (సోవియట్ నిర్బంధ శిబిరాలు) ఖైదీలతో మొదలైన ఊరు. దశాబ్దాల పాటు ఏడాదికి ఇరవై లక్షల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ వదిలింది. అలెగ్జాండర్ కిర్ద్యానోవ్ బృందం చెట్ల వలయాలు చదివి 2020లో ప్రచురించిన అంచనా ప్రకారం 1960ల నుంచి సుమారు 24,000 చదరపు కిలోమీటర్ల అడవి చచ్చిపోయింది. అక్కడి లార్చ్ చెట్టు ఏటా సూదులు రాలుస్తుంది, స్ప్రూస్‌లా పదేళ్ల విషం మోయదు. అదే చచ్చిందంటే మోతాదు ఎంతో ఊహించుకోవచ్చు.

అక్కడ గంధకం పట్టకపోవడానికి కారణం మొండితనం ఒక్కటే కాదు, కూడికలు. ఇరవై లక్షల టన్నుల వాయువు ముప్పై లక్షల టన్నుల ఆసిడ్ అవుతుంది. దేశపు రైల్వేతో కలవని ఊరి నుంచి దాన్ని కొనేవాడి దగ్గరికి చేర్చే దారి లేదు. టన్ను ఆసిడ్‌ను విరవాలంటే టన్ను సున్నపురాయి కావాలి, విరిచాక టన్నుకి పావు తక్కువ రెండు టన్నుల దాకా జిప్సం మిగులుతుంది. 2023లో నదేజ్దా ప్లాంటులో మొదలుపెట్టింది ఈ పద్ధతే. వాయువు తగ్గుతోంది, దాని బదులు జిప్సం గుట్ట పెరుగుతోంది. పర్మాఫ్రాస్ట్ (ఏడాదంతా గడ్డకట్టి ఉండే నేల) మీద ఆ గుట్టకి కట్టే గట్లు నిలబడాలి. అయినా గాల్లోకి వదలడం కంటే ఇది నయమని నేను అంటాను. గుట్ట ఎక్కడుందో కనీసం తెలుస్తుంది.

ఈ ఎత్తు పొగగొట్టం లెక్క మనకీ కొత్త కాదు. మన దేశపు నిబంధనలో పొగగొట్టం ఎత్తుకి సూత్రం ఉంది. గంటకి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ కిలోల్లో తీసుకుని, దాని 0.3 ఘాతాన్ని 14తో హెచ్చవేయాలి. గంటకి 1,000 కిలోలైతే 111 మీటర్లు, 10,000 కిలోలైతే 222. పదింతల వాయువుకి రెట్టింపు ఎత్తు కడితే చాలన్నమాట. పరవాడ దగ్గర సింహాద్రిలో ఉన్నలాంటి 500 మెగావాట్ల యూనిట్లకి 275 మీటర్లు. 2015లో సల్ఫర్ డయాక్సైడ్‌కి పరిమితి పెట్టారు, గడువులు జరుపుతూ వచ్చారు, 2025 జులైలో బొగ్గు ప్లాంట్లలో నాలుగింట మూడొంతుల పైగా వాటిని ఆ పరిమితి నుంచే తప్పించారు. పెట్టిన షరతు పొగగొట్టం ఎత్తు నియమం పాటించడం. బొగ్గు పొగలో నికెల్ కొలిమి ధూళి ఉండదు, మన నల్లరేగడిలో సున్నం ఉంది, కాబట్టి సడ్బరీ గుట్టలు ఇక్కడ రావు. వాదన మాత్రం 1972 నాటిదే.

కోలాలో నార్వే సరిహద్దుకి పది కిలోమీటర్ల లోపు ఉన్న నికెల్ అనే ఊరి కొలిమి 2020 డిసెంబరులో మూతపడింది. ఆ ప్రాంతం ఫిన్లండ్‌ది అయిన రోజుల్లో, 1930లలో, ఆ గని హక్కులు పొందింది సడ్బరీలోని ఇన్కో కంపెనీ అనుబంధ సంస్థే. యుద్ధం తర్వాత అది సోవియట్ చేతికి పోయింది. తర్వాత నొరిల్స్క్ నుంచి గంధకం ఎక్కువున్న ఖనిజం ఓడల్లో తెచ్చి ఇక్కడ కరిగించడంతో పొగ ఇంకా పెరిగింది. సరిహద్దు అవతల నార్వే వాళ్లు మృత్యుమేఘాలు ఆపమని ఉద్యమం చేశారు. ఇప్పుడు గాలి తేటపడింది. అక్కడి నేలకి ఇది కొనిస్టన్ 1972. ఇకపై ఎవరైనా మొక్కలు నాటబోతే ముందు మట్టి పరీక్ష సరిగ్గా చేయాలి. ఇరవై సెంటీమీటర్ల లోతు మట్టిని కలిపేసి నమూనా తీస్తే రాగి, నికెల్ సగటు తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే లోహం దాదాపు అంతా పైనున్న ఆకుమట్టి పొరలోనే పట్టుకుని ఉంటుంది. ఆ పై ఐదు సెంటీమీటర్లను విడిగా తీయాలి, పీహెచ్‌తో పాటు మొత్తం లోహం ఒకసారి, నీటిలో కరిగే లోహం ఇంకోసారి కొలవాలి. హెక్టారుకి ఎన్ని టన్నుల సున్నం కావాలో చెప్పేది ఆ రెండో అంకె.